స్టేషన్‌లోని పాత పబ్: షెఫీల్డా, యార్కా, స్టేలీబ్రిడ్జా?

"రైల్వే స్టేషన్ లోపలే వందేళ్ల నాటి పబ్ ఉంటుందట కదన్నా, ఒక్కటి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?" ఉత్తర ఇంగ్లండ్‌కి చదువుకోసమో ఉద్యోగంకోసమో వచ్చిన మన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబు ముందే చెప్పేస్తాను. మొదటిసారి అయితే షెఫీల్డ్. యార్క్‌లో రైలు మారుతూ ముప్పావుగంట చేతిలో ఉంటే యార్క్. ఒక పూట మొత్తం దీనికే పెట్టగలిగితే అన్నిటికన్నా స్టేలీబ్రిడ్జి. అమ్మానాన్నలు వెంట ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు న్యూకాజిల్. లండన్ దాటి రాలేని వాళ్లకి అక్కడే రెండున్నాయి.

ఫొటోల్లో చూస్తే ఈ గదులన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎత్తైన సీలింగు, టైల్స్, అద్దాలు, ఇత్తడి కడ్డీలు. వెళ్లి కూర్చుంటేగానీ తేడా తెలియదు. ఈ లైన్ల మీద తిరుగుతూ పదేళ్లు దాటింది కాబట్టి ఎవరికి ఏది నప్పుతుందో కొంచెం వివరంగా రాస్తాను.

అసలు స్టేషన్‌లో పబ్ ఎందుకుంది

హైదరాబాద్‌లో పబ్ అంటే చీకటి, రంగు లైట్లు, పక్కవాడి మాట వినపడనంత మ్యూజిక్. ఇక్కడి పాత పబ్‌కి దానితో పోలికే లేదు. ఊరి రచ్చబండకి పైకప్పు వేసి, లోపల చలిమంట పెట్టి, కుర్చీలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మూల కూర్చుని పేపరు చదువుకునే పెద్దాయన, కుక్కని కాళ్ల దగ్గర పడుకోబెట్టుకున్న ఆవిడ, ఆఫీసు బ్యాగుతో రైలు కోసం ఎదురుచూసే మనిషి. మందు ముట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కూల్‌డ్రింక్ తీసుకుని గంటసేపు కూర్చోవచ్చు.

స్టేషన్‌లో మందు అంటే మనకి గుండె ఝల్లుమనే మాట నిజమే. మన 1989 రైల్వే చట్టంలోని 145వ సెక్షన్ ప్రకారం రైల్లోగానీ రైల్వే స్థలంలోగానీ మత్తులో దొరికితే ఆరు నెలల వరకు జైలు, పైన జరిమానా. ఆ భయంతో పెరిగినవాళ్లకి ప్లాట్‌ఫారం మీదికే పబ్ తలుపు తెరుచుకోవడం వింతగా ఉంటుంది. కానీ ఈ గదులు మొదలైంది తాగడం కోసం కాదు, ప్రయాణికుల ఆకలి తీర్చడానికి.

బ్రిటన్‌లో రైల్లోనే వండి వడ్డించే పెట్టె మొదటిసారి నడిచింది 1879లో, లండన్ కింగ్స్ క్రాస్‌కీ లీడ్స్‌కీ మధ్య. అంతకుముందూ, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, దూరం వెళ్లేవాళ్లు మధ్యలో స్టేషన్‌లో దిగి తినాల్సిందే. లండన్ నుంచి స్కాట్లండ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు భోజనానికని యార్క్‌లో ఇరవై నిమిషాలు ఆగేవి. రైలుకి రైలు దిగి, తిని, మళ్లీ పరుగున ఎక్కాలి. అందుకని రైల్వే కంపెనీలు ఒకదాన్ని మించి ఒకటి రిఫ్రెష్‌మెంట్ రూములు కట్టాయి. ఫస్ట్ క్లాసు వాళ్లకి ఒక గది, మిగతావాళ్లకి ఇంకో గది. విజయవాడ లాంటి పెద్ద జంక్షన్లలో శాకాహార, మాంసాహార రిఫ్రెష్‌మెంట్ రూములని బోర్డులు చూసే ఉంటారు. ఆ పేరు మనకి వచ్చింది ఇక్కడి రైల్వేల నుంచే.

తర్వాత రైళ్లలోనే తిండి వచ్చేసింది, స్టేషన్‌లో ఆగే టైము తగ్గిపోయింది. టైల్స్ పరిచిన గదులు గోడౌన్లయ్యాయి, కొన్నిటికి తాళాలు పడ్డాయి, కొన్ని నేలమట్టమయ్యాయి. మిగిలినవాటిలో చాలావాటిని ఈ పాతికేళ్లలో పబ్బులుగా మళ్లీ తెరిచారు.

అందుకే ఎంచుకునేటప్పుడు నేను ముఖ్యంగా ఒక్కటే చూస్తాను. ఆ గది ఇంకా స్టేషన్ పని చేస్తోందా లేదా అని. రైలు దిగినవాడు నేరుగా లోపలికి రాగలగాలి, రైలు వచ్చిందంటే గ్లాసు అక్కడ పెట్టి నేరుగా ఎక్కగలగాలి. ఎంత అందంగా ఉన్నా, స్టేషన్‌తో సంబంధం తెగిపోయిన గది నాకు సగమే నచ్చుతుంది.

షెఫీల్డ్ ట్యాప్

మొదటిసారికి ఇదెందుకంటే, చూడాల్సినవన్నీ ఒకేచోట ఉన్నాయి కాబట్టి. మిడ్‌లాండ్ రైల్వే వాళ్లు 20వ శతాబ్దం మొదట్లో షెఫీల్డ్ స్టేషన్‌ని పెద్దది చేసినప్పుడు కట్టిన రిఫ్రెష్‌మెంట్ రూమూ దాని పక్క డైనింగ్ రూమూ ఇవి. కొన్ని దశాబ్దాలు మూతపడే ఉన్నాయి. వేల మంది రోజూ ఆ తలుపు ముందునుంచే నడిచి వెళ్లారు, లోపల ఏముందో తెలియకుండా. 2009లో బాగుచేసి తెరిచారు. గోడలకి ఆనాటి టైల్స్, బార్ వెనక పెద్ద పెద్ద అద్దాలు, తల పూర్తిగా ఎత్తితేగానీ కనపడని సీలింగు.

ఒక తలుపు 1వ ప్లాట్‌ఫారం వైపు, ఇంకోటి వీధి వైపు. షెఫీల్డ్ హాలం యూనివర్సిటీ స్టేషన్‌కి ఎదురుగానే, గుట్ట ఎక్కితే చాలు. అక్కడ చదివే మన పిల్లల్లో రెండేళ్లు ఆ దారినే నడిచి ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడనివాళ్లు నాకు తెలుసు. పబ్ అనగానే ఖర్చు, గోల అనుకుని ఆగిపోతారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. పగటిపూట ఒక కూల్‌డ్రింక్ ధరకి ఆ గదిలో ఎంతసేపైనా కూర్చోవచ్చు.

ముందు గది చూసి వెనక్కి తిరిగిరాకండి. లోపలికి వెళ్తే పాత డైనింగ్ రూము ఉంది, దాంట్లో 2013 నుంచి చిన్న బ్రూవరీ నడుస్తోంది. అద్దం అవతల స్టీలు డ్రమ్ములు, గొట్టాలు, పైన మాత్రం వందేళ్ల నాటి సీలింగు. బీరు కాచే రోజున వెళ్తే వాసన తలుపు దగ్గరే పట్టుకుంటుంది. ఇంట్లో రాగిజావ కాగుతున్నప్పుడు వచ్చే వాసనకి కొంచెం తీపి కలిపితే ఎలా ఉంటుందో అది.

ఇక్కడ బార్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి గమనించాల్సింది ఒకటుంది, హ్యాండ్‌పంపు. కౌంటర్ మీద వరసగా నిలువు పిడులుంటాయి. ఒక్కో పిడికీ కింద నేలమాళిగలో ఒక్కో పీపా. బార్‌లో పనిచేసే అమ్మాయి గ్లాసుని గొట్టం మూతికి ఆనించి పిడిని తన వైపు నెమ్మదిగా, నిండుగా లాగుతుంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి సగం. గ్లాసులో మొదట అంతా మబ్బు పట్టినట్టు ఉంటుంది. చూస్తుండగానే అడుగునుంచి తేటపడుతూ, నురగంతా పైకి వెళ్లి మీగడలా కూర్చుంటుంది. ఆ మీగడ రావడానికి గొట్టం మూతికి జల్లెడలాంటి చిన్న బిళ్ల తగిలిస్తారు, స్పార్క్లర్ అంటారు. ఉత్తరాదిన అది మామూలు. లండన్ వైపు చాలాచోట్ల తగిలించరు, అక్కడి గ్లాసు మీద నురగ పల్చగా ఉంటుంది.

ఇలా పిడి లాగి పీపా నుంచి తీసే బీరుని కాస్క్ ఏల్ అంటారు. పీపాలోకి పోశాక కూడా ఇది పులుస్తూనే ఉంటుంది, పైనుంచి గ్యాస్ ఎక్కించరు. ఐస్‌లా చల్లగానూ ఉండదు, 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు. చల్లటి కింగ్‌ఫిషర్ అలవాటున్న మనవాళ్లు మొదటి గుక్కకే "ఇదేంటి, వేడిగా ఉంది" అంటారు. వాళ్లకి నేను కల్లు గుర్తుచేస్తాను. పొద్దున చెట్టు దిగిన కల్లు వేరు, సాయంత్రం కల్లు వేరు. అది ముంతలో కూడా పనిచేస్తూనే ఉంటుంది కదా. పీపా తెరిచిన రోజు బీరుకీ మూడోరోజు బీరుకీ అలాంటి తేడానే. అలా ఆలోచిస్తే రెండో గుక్క వేరేగా ఉంటుంది.

షెఫీల్డ్‌కి దగ్గర్లోని బేక్‌వెల్‌లో థార్న్‌బ్రిడ్జ్ అనే బ్రూవరీ చేసే జైపూర్ అనే బీరు కనపడితే రుచి చూడండి. ఇండియా పేల్ ఏల్ రకం, అందుకే ఆ పేరు. ఆల్కహాల్ 5.9 శాతం కాబట్టి హాఫ్ చాలు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, హాఫ్ అంటే అందులో సగం. హాఫ్ అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు. నేనైతే ఎప్పుడూ హాఫ్‌లే తీసుకుంటాను, రెండు మూడు రకాలు చూడొచ్చని.

లోపం చెప్పాలంటే తిండి. కడుపు నిండే భోజనానికని ఇక్కడికి రావద్దు. శుక్రవారం సాయంత్రం, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు నిలబడ్డానికే చోటు దొరకదు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడింటికి వెళ్తే గదంతా మీదే.

యార్క్ ట్యాప్

దీని ప్రత్యేకత తొందర. రైలు మారే మధ్యలో ముప్పావుగంట ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. నార్త్ ఈస్టర్న్ రైల్వే 1907లో కట్టించిన టీ రూమ్ ఇది. కంపెనీ ఆర్కిటెక్ట్ విలియం బెల్ గీసిందే. మధ్యలో కొన్నాళ్లు బొమ్మరైళ్ల ప్రదర్శన నడిచింది, 2011 చివర్లో పబ్ అయింది.

షెఫీల్డ్‌లో కళ్లు గోడల మీదికి వెళ్తాయి, యార్క్‌లో పైకి. సీలింగులో రంగుటద్దాల గుమ్మటాలున్నాయి. ఎండ ఉన్న రోజు పదకొండింటికి వెళ్లండి, వెలుతురు దిగి గది మధ్యలో గుండ్రంగా తిరిగిన బార్ మీద పడుతుంది. బార్ మధ్యలో ఉండటం వల్ల పని కూడా త్వరగా అవుతుంది. ఏ వైపు నిలబడ్డా ఎవరో ఒకరు చూస్తారు. ఇది టీ రూమ్‌గా కట్టింది కాబట్టి గది తేలిగ్గా, విశాలంగా ఉంటుంది. పబ్ అంటే బెరుకుపడేవాళ్లని ముందు ఇక్కడికి తీసుకురావడం మంచిది.

నేను షెఫీల్డ్‌ని దీనికన్నా ఒక మెట్టు పైన పెట్టడానికి కారణం జనం. యార్క్ టూరిస్టుల ఊరు. శనివారాలు పెళ్లికి ముందు పార్టీలు చేసుకునే గుంపులు పొద్దున్నుంచే దిగుతాయి. ఆగస్టులో గుర్రప్పందేల వారమైతే సరేసరి, టోపీలు, సూట్లు తప్ప గుమ్మటాలు కనపడవు. వారం మధ్యలో వస్తే మాత్రం దీన్ని ఒంటరిగా చూడకండి. స్టేషన్ వెనకే నేషనల్ రైల్వే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. 1938లో గంటకి 126 మైళ్ల వేగం అందుకుని ఆవిరి ఇంజన్లలో రికార్డు పెట్టిన మాలార్డ్ అక్కడిదే. ముందు మ్యూజియం, ఆ తర్వాత టీ రూమ్ గది. ఆ వరసలో వెళ్తే గది ఇంకా బాగా అర్థమవుతుంది.

స్టేలీబ్రిడ్జి బఫే బార్

మాంచెస్టర్ నుంచి హడర్స్‌ఫీల్డ్ వెళ్లే లైనులో పావుగంట ప్రయాణం. చిన్న ఊరు, చిన్న స్టేషన్. ఎవరైనా నన్ను ఒక్క స్టేషన్ పబ్‌కే జీవితాంతం వెళ్లనిస్తాం అంటే నేను ఎంచుకునేది ఇదే.

షెఫీల్డ్, యార్క్ గదులు చచ్చి బతికినవి. స్టేలీబ్రిడ్జి బఫే 1885లో స్టేషన్‌ని కొత్తగా కట్టినప్పుడు తెరిచారు, ఇప్పటికీ అదే పని చేస్తోంది. 1990లలో మూతపడే ప్రమాదం వచ్చింది, గట్టెక్కింది. అందుకే ఇక్కడ పాతదనం ఎవరో తిరిగి తెచ్చిపెట్టినట్టుండదు. పాలరాతి బార్ మీద చెయ్యి వేస్తే ఆ అంచు అరిగిన తీరు తెలుస్తుంది, మన ఇళ్లలో పాత గడప మధ్యలో గుంటపడినట్టు. చలికాలం పొయ్యిలో నిప్పు ఉంటుంది. గోడల నిండా రైల్వే ఫొటోలు, బోర్డులు. గది వెడల్పు తక్కువ, కాబట్టి పక్కవాళ్లు పలకరించకుండా ఉండలేరు. మీదే ఊరని అడుగుతారు. హైదరాబాద్ అన్నామంటే వాళ్లకి తెలిసినవాళ్లెవరో అక్కడ పనిచేసిన సంగతి బయటికొస్తుంది.

పైగా ఇది నిజంగా ప్లాట్‌ఫారం మీదే ఉంది. 4వ ప్లాట్‌ఫారం. కిటికీ పక్కన కూర్చుంటే ఆగకుండా పోయే రైలుకి గ్లాసులు సన్నగా వణుకుతాయి. నేను చెప్పిన పరీక్షలో, గది ఇంకా స్టేషన్ పని చేస్తోందా అన్నదాంట్లో, దీనికి నూటికి నూరు.

ఇక బ్లాక్ పీస్. ఈ ప్రాంతపు చిరుతిండి. ముదురు గోధుమరంగు బఠాణీలు నానబెట్టి, మెత్తగా ఉడకబెట్టి, కప్పులో పోసి ఇస్తారు. పైన వెనిగరు చల్లుకోవాలి. మొదటిసారి స్పూను నోట్లో పెట్టుకోగానే నాకు మా ఊరి గుగ్గిళ్లు గుర్తొచ్చాయి. తాలింపు లేదు, ఎండుమిర్చి లేదు, కానీ ఆ పిండిరుచి అదే. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఇలాంటిది ఎదురైతే మనసు ఎంత తేలికపడుతుందో రాయడం కష్టం. శాకాహారులకి ఉత్తరాది పబ్బుల్లో ఇంత ధైర్యంగా చెప్పగలిగే వస్తువు తక్కువ. అయినా ఉడికించిన నీళ్లలో ఇంకేమన్నా కలిపారా అని ఒక మాట అడగండి.

శనివారం మధ్యాహ్నం మాత్రం వద్దు. ఈ లైనులో స్టేషన్ స్టేషన్‌కీ దిగి ఒక్కో పబ్‌లో ఒక్కో గ్లాసు తాగే ఏల్ ట్రైల్ అనే అలవాటు బాగా పాకింది. స్టేలీబ్రిడ్జి, మార్స్‌డెన్, హడర్స్‌ఫీల్డ్, డ్యూస్‌బరీ, అలా. ఆలోచన మంచిదే, కానీ శనివారం గుంపులు వేషాలు వేసుకుని వస్తాయి. ఆ గోలలో ఈ గది గది కాదు. వారం మధ్యలో అదే ట్రైల్ నిదానంగా చేస్తే చాలా బాగుంటుంది. హడర్స్‌ఫీల్డ్‌లో దిగి స్టేషన్ ముఖాన్ని ఎదుటి మైదానం నుంచి చూడండి. 1850 ప్రాంతపు రాతికట్టడం, గ్రీకు గుడిలాగా స్తంభాలు, ఆ చివరా ఈ చివరా చెరో పబ్. భవనంగా చూస్తే దీనిముందు మిగతావన్నీ చిన్నవే. పబ్ గదులుగా నేను స్టేలీబ్రిడ్జికే ఓటేస్తాను.

రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఒక ముక్క. స్టాక్‌పోర్ట్, స్టేలీబ్రిడ్జి మధ్య ప్యాసింజర్ రైలు వారానికి ఒక్క రోజే, శనివారం పొద్దున నడుస్తుంది. లైను అధికారికంగా మూసేయడం పెద్ద తతంగం కాబట్టి ఆ ఒక్క సర్వీసు ఉంచారు. దాన్ని ఎక్కడానికే దేశం నలుమూలల నుంచి వస్తారు. అలా వచ్చినవాళ్లలో మీరూ ఉంటే, శనివారం వద్దన్న నా మాట పక్కన పెట్టేయండి, గుంపులు దిగేలోపు చూసుకుని వెళ్లిపోవచ్చు. మాంచెస్టర్, యార్క్ మధ్య ఈ లైను మీద విద్యుదీకరణ, విస్తరణ పనులు నడుస్తున్నాయి. కొన్ని రోజులు రైళ్లకి బదులు బస్సులు వేస్తారు. బయల్దేరే ముందురోజు చూసుకోండి, లేకపోతే గుగ్గిళ్ల కోసం గంట బస్సులో కూర్చోవాల్సొస్తుంది.

అమ్మానాన్నలతో అయితే న్యూకాజిల్

ఇంటినుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు నేను ఆలోచించేది గది గురించి కాదు. వాళ్లు ఇబ్బంది పడకుండా కూర్చోగలరా, టీ దొరుకుతుందా, తినడానికేమన్నా ఉందా అని. న్యూకాజిల్ సెంట్రల్ స్టేషన్‌లోని సెంచూరియన్ ఈ మూడిట్లోనూ నయం. 1893 నాటి ఫస్ట్ క్లాస్ రిఫ్రెష్‌మెంట్ రూమ్, ఇదీ విలియం బెల్‌దే. నేల దగ్గర్నుంచి పైదాకా లీడ్స్‌లోని బర్మన్‌టాఫ్ట్స్ కంపెనీ టైల్స్. స్తంభాలు, కమానులు, అన్నీ టైల్సే. 1960ల తర్వాత ఈ గదిని రైల్వే పోలీసులు లాకప్‌కి వాడుకున్నారంటే నమ్మబుద్ధి కాదు. 2000లో బాగుచేసి తెరిచారు.

మా నాన్నగారు కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరయ్యారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. పబ్ అంటే లోపలికి రానన్నారు. "నాన్నా, ఇది పాత రిఫ్రెష్‌మెంట్ రూమ్" అన్నాను. ఆ మాటకి వచ్చారు. టీ తాగి, లేచి వెళ్లి గోడ దగ్గర నిలబడ్డారు. టైలుకీ టైలుకీ మధ్య సందుని వేలితో తడుముతూ, "నూట ముప్పై ఏళ్లు ఆవిరి ఇంజన్లూ డీజిలూ అన్నీ తట్టుకుంది, ఒక్కటీ కదల్లేదు చూడు" అన్నారు. ఆ తర్వాత అరగంట కాజీపేట రన్నింగ్ రూము (డ్రైవర్లు, గార్డులు విశ్రాంతి తీసుకునే చోటు) గురించే మాట్లాడారు. రైల్వేలో పనిచేసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి.

మామూలు బార్‌లా పెద్ద టీవీలు, మ్యాచ్ రోజుల్లో అరుపులు ఇక్కడ ఉంటాయి. బీరు రకాల కోసం అయితే షెఫీల్డ్‌తో పోలిక లేదు. గది కోసం, భోజనం కోసం రండి. మిడిల్స్‌బరోలోనో డర్హమ్‌లోనో చదివే పిల్లలకి ఇదే దగ్గర కూడా.

లండన్‌లో

కింగ్స్ క్రాస్‌లో పార్సెల్ యార్డ్ పేరుకి తగ్గట్టే పాత పార్సెల్ ఆఫీసు. 2012లో కొత్త హాలుతోపాటు తెరిచారు. హారీ పోటర్ కథలోని 9¾ ప్లాట్‌ఫారం బోర్డు దగ్గర ఫొటోకి పిల్లల క్యూ ఉంటుందే, అది దాటి మెట్లెక్కాలి. చిన్న చిన్న గదులు చాలా ఉన్నాయి, కాబట్టి సామాన్లతో, పిల్లలతో వచ్చినవాళ్లకి చోటు దొరుకుతుంది. మంచి భోజనం దొరుకుతుంది. రైలు టికెట్ లేకపోయినా వెళ్లొచ్చు. టైల్స్, గుమ్మటాలు ఆశించకండి. ఇది పనిచేసే మనుషుల భవనం, చెక్కతో గట్టిగా, సాదాగా ఉంటుంది.

యూస్టన్ ట్యాప్ స్టేషన్ లోపల కాదు, ముందు. 1870 నాటి చిన్న రాతి మండపాలు రెండు, రోడ్డు పక్కన. స్టేషన్ ముందున్న పెద్ద తోరణాన్ని 1960లలో కూల్చేశారు, ఇవి మిగిలాయి. మూలరాళ్ల మీద ఆ రోజుల్లో ఇక్కడినుంచి రైళ్లు వెళ్లిన ఊళ్ల పేర్లు చెక్కి ఉంటాయి. లోపలికి వెళ్లకపోయినా అవి చదవడానికి ఒక్కసారి ఆగండి. లోపల పదిమంది నిలబడితే నిండిపోతుంది, మెలికల మెట్లు ఎక్కి పైన కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పనికిరాదు. రెండిట్లో ఒకటంటే నేను పార్సెల్ యార్డే చెప్తాను.

టికెట్, బీరు, గుర్తింపు కార్డు

అన్నిటికన్నా ముందు టికెట్ చూసుకోండి. చవగ్గా వస్తుందని మనమంతా కొనే అడ్వాన్స్ టికెట్‌తో మధ్యలో దిగి, పబ్ చూసి, తర్వాతి రైలెక్కడం కుదరదు. అందులో రాసిన రైలే ఎక్కాలి. ఈ సంగతి తెలియక నేను ఒకసారి దారిమధ్యలో దిగి, తర్వాతి రైల్లో మళ్లీ పూర్తి టికెట్ కొనాల్సి వచ్చింది. ఆ డబ్బుతో వారం సరుకులొచ్చేవి. ఆఫ్‌పీక్, ఎనీటైమ్ టికెట్లతో సాధారణంగా మధ్యలో దిగి మళ్లీ ఎక్కొచ్చు, అయినా టికెట్ షరతులు చదవండి. అడ్వాన్సే కొంటే రైలు మారే స్టేషన్‌లో ఎక్కువ టైము ఉండేలా బుక్ చేసుకోవాలి. యార్క్‌ని నేను చాలాసార్లు అలాగే చూశాను.

మందు అమ్మే వయసు 18, కానీ 25 దాటినట్టు కనపడకపోతే గుర్తింపు అడుగుతారు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగడం మంచిది కాదు, పోతే పెద్ద టెన్షన్. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుని ఉంచుకోండి, ఇలాంటి చోట్ల పనికొస్తుంది. టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. బార్ దగ్గరికి మనమే వెళ్లి అడిగి, అప్పుడే డబ్బు కట్టి, గ్లాసు తెచ్చుకోవాలి. క్యూ కనపడదు గానీ ఎవరు ముందొచ్చారో అందరికీ గుర్తుంటుంది, మీ ముందువాళ్లని వదిలి మిమ్మల్ని అడిగితే వాళ్లని చూపించండి.

శాకాహారులకి చాలామంది చెప్పని విషయం ఇంకొకటి. కాస్క్ బీరు తేటపడటానికి ఇప్పటికీ చాలాచోట్ల ఐసింగ్లాస్ వాడతారు, అంటే చేపల గాలితిత్తి నుంచి తీసే పదార్థం. గ్లాసులో అది కనపడదు. పట్టింపు ఉన్నవాళ్లు అది వాడని బీరు ఉందా అని బార్‌లో అడిగితే చెప్తారు, అడగడంలో తప్పేమీ లేదు. ఇక గాజు పెట్టెలో ముద్దుగా కనపడే "పై" (పిండి పెంకులో మాంసం కూరి కాల్చేది) చాలావరకు పంది మాంసానిది, చల్లగానే ఇస్తారు. తెలియక కొరికి ఇబ్బంది పడినవాళ్లున్నారు. కారు స్టేషన్ పార్కింగ్‌లో పెట్టి వచ్చినవాళ్లు అసలు తాగొద్దు, హాఫ్ కూడా.

చేతిలో అరగంటకన్నా తక్కువుంటే ఇవేవీ వద్దు, యార్క్‌లో తలుపు తీసి గుమ్మటాలు చూసి వచ్చేయండి, దానికెవరూ డబ్బడగరు. గంటన్నర ఉంటే షెఫీల్డ్. స్టేలీబ్రిడ్జికి మాత్రం నవంబరులో, వర్షం పడే మంగళవారం చూసుకుని, చీకటి పడకముందే వెళ్లండి. నిప్పు పక్కన రెండే కుర్చీలుంటాయి, నాలుగింటికల్లా చేరితే ఒకటి దొరుకుతుంది.